ఇరవై పురుగుల తట్ట

శనివారం పొద్దున ఏడు గంటలకు లిడియా షెడ్డు తలుపు తీసేసరికి పురుగులు తలలెత్తి ఉన్నాయి.

పట్టుపురుగు తల ఎత్తిందంటే రెండే కారణాలు. పండి, గూడు కట్టుకోవడానికి చోటు వెతుక్కుంటూ ఉండాలి. లేదా ఆకలి మీద ఉండాలి. ఇవి పండడానికి ఇంకా రెండు రోజులుంది. పొర విడిచే ముందు పురుగు కదలకుండా పడుకునే నిద్రను ఈ పక్క జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచి ఇది ఐదో దినం. పుట్టినప్పటి నుంచి తిన్నదంతా ఒక ఎత్తు, ఈ చివరి వారంలో తినేది ఒక ఎత్తు. ఒక పూట ఆకు తప్పితే గూడు పలచబడుతుంది. రెండు పూటలు తప్పితే గూడు కట్టకుండానే పురుగు కుంచించుకుపోతుంది.

నిన్న సాయంత్రమే తోటలో మిగిలిన ఆఖరి కొమ్మ కూడా కోసి వేసేసింది. ఇప్పుడు తట్టల్లో నమిలి వదిలిన ఈనెలు, పుల్లలు తప్ప ఏమీ లేవు. ఆ పుల్లల మీద వేలెడు పొడుగు తెల్లటి పురుగులు, వేలకు వేలు, తలలు గాలిలో అటూ ఇటూ ఆడిస్తున్నాయి. కొన్ని అంచు దాకా పాకి, కింద పడి, నేల మీద చల్లిన సున్నంలో పొర్లుతున్నాయి. లిడియా వాటిని ఏరి పైన వేసింది. వేసినవి మళ్లీ పాకాయి.

“ఉండండమ్మా, వస్తాది,” అంది వాటితో. ఎక్కడి నుంచి వస్తుందో ఆమెకే తెలియదు.

మూడు వారాల కిందట బోరు మోటారు కాలిపోయింది. నీళ్లు లేక మల్బరీ ఆకు పసుపెక్కి రాలింది. మోటారును పుంగనూరులో వైండింగుకు ఇస్తే షాపువాడు రేపన్నాడు, ఎల్లుండన్నాడు. చివరికి సోమవారం నాడు మొగుడు సుబ్బయ్య దాన్ని టీవీఎస్ వెనక కట్టుకుని వస్తూ రామసముద్రం రోడ్డు మలుపులో పడ్డాడు. మోటారుకు గీత కూడా పడలేదు. అది సుబ్బయ్య మీద పడింది, ఆయన తొడ ఎముక విరిగింది. ఇప్పుడు మోటారు బోరులో ఉంది, నీళ్లూ వస్తున్నాయి. చిగురు రావడానికి నెల పడుతుంది. సుబ్బయ్య మదనపల్లెలో ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. కుప్పంలో నర్సింగు చదివే కూతురు షైనీ సెలవు పెట్టి వచ్చి నాన్న పక్కన కూర్చుంది.

లిడియా నిమ్మనపల్లెకు ఫోన్ చేసింది, సదుంకు చేసింది, పుంగనూరు పక్క తెలిసిన నలుగురికీ చేసింది. అందరి తోటల్లోనూ అందరి పురుగులూ ఇదే జ్వరం లేచి ఉన్నాయి. ఎవరి ఆకు వాళ్లకే చాలడం లేదు.

అడగనిది ఒక్క ఇంటినే. ఊరికి పడమర పక్క మునిరాజు తోట ఎకరా నిండా నిగనిగలాడుతూ ఉంది. ఈ పంటకు ఆయన పురుగు పెట్టలేదు, ఆకు అమ్ముతున్నాడు. రోజూ ఆ గట్టు మీదుగానే వెళుతూ ఆమె తల తిప్పుకుంది.

బుధవారం పాస్టరు ప్రదీప్ వచ్చి, “సంఘంగా మేమేం చెయ్యాలమ్మా, చెప్పండి. భారం పంచుకోవాలి కదా,” అంటే, “ప్రార్థన చెయ్యండి పాస్టరయ్యా, చాలు,” అని గుమ్మంలోనే వందనాలు చెప్పి పంపించేసింది. ఆ అబ్బాయి ఈ ఊరికి కొత్త. ఆమె ఎందుకలా అందో ఆయనకు తెలియదు. ఊరికి తెలుసు.

లిడియాది కుప్పం. నాన్న గ్రానైటు క్వారీలో రాయి కోసేవాడు, దగ్గుతూ పోయాడు. పట్టుపురుగును ఆమె చేత్తో ముట్టుకున్నది పెళ్లై ఈ ఊరొచ్చాకే. అత్త నేర్పింది. అత్త పని నేర్పడంలో గట్టి మనిషి, తప్పు పట్టడంలో ఇంకా గట్టి మనిషి. పురుగు శుభ్రం అడుగుతుందని, చెయ్యి కడగనిదే తట్ట ముట్టుకోరాదని, ఆస్పత్రికి పోయొచ్చినా చావింటికి పోయొచ్చినా స్నానం చెయ్యనిదే షెడ్డు గడప తొక్కరాదని రోజుకు పదిసార్లు చెప్పేది. లిడియా నేర్చుకుంది. మంచి గూడు తీసింది. మదనపల్లె గూళ్ల మార్కెట్లో సుబ్బయ్య పేరు పిలిస్తే గూళ్లు కొని పట్టు తీసే రీలర్లు లేచి వచ్చి చూసేవాళ్లు. ఆ గూళ్ల వెనక ఎవరి చెయ్యి ఉందో వాళ్లకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

తొమ్మిదేళ్ల కిందట కూడా ఇలాగే చివరి వారంలో ఆకు చాలలేదు. అప్పుడు అడగకుండానే మునిరాజు ఒక బండెడు ఆకు తోలించాడు. ఆయన సంఘ పెద్ద. సోమవారం పొద్దున, అప్పటి పాస్టరుతో, పదిమంది విశ్వాసులతో కలిసి వచ్చాడు. బండి చుట్టూ నిలబడి అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నారు.

బయటి ఆకు వస్తే ముందు ఇరవై పురుగులకు వేసి చూడాలి. ఇది ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. చుట్టూ టమాటా తోటలు. టమాటాకు కొట్టిన మందు గాలికి మల్బరీ మీద పడితే కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు, పురుగుకు తెలుస్తుంది. అందుకే ఏ ఆకునైనా గంటన్నర చూసి గానీ వెయ్యరు. కానీ ప్రార్థన చేసి ఆమెన్ అన్న ఆకును పక్కన పెట్టి పరీక్ష చేస్తే ఎవరిని అనుమానించినట్టు? మునిరాజునా, దేవుడినా? లిడియాకు నోరు రాలేదు. ఆకు పరిచింది.

గంట దాటాక కొన్ని మేత మానేసి తలలెత్తాయి. మరునాడు పురుగులు పచ్చటి నీళ్లు కక్కాయి. తోకలు కుంచించుకుని, తలలు వంకర తిరిగి, సాయంత్రానికి షెడ్డంతా కంపు. ఆకు వల్లే అయ్యుంటుందని ఆమె అంది. నాలుగు రోజుల తర్వాత మునిరాజు ఇదే వాకిట్లో అందరి ముందూ చెప్పాడు: “మా ఇంట్లో పురుగు కూడా అదే ఆకు తినిందమ్మా. బంగారం మాదిరి గూడు కట్టింది. నీ షెడ్లోనే ఏదో తేడా ఉండాది.”

అత్త అప్పుడే తేల్చేసింది. చెయ్యి కడగకుండా పోయింటాది. కుప్పం క్వారీ మనుషులకు శుభ్రం యాడ తెలుస్తుంది. ఆ మాట అత్త చనిపోయే దాకా, అంటే ఆరేళ్లు, అన్నం వడ్డించినప్పుడల్లా చెప్పింది. సుబ్బయ్య ఏమీ అనలేదు. ఆయన అనకపోవడం అత్త అనడం కంటే పెద్దదిగా వినపడేది.

ఆ పంట నాశనమైన వారంలోనే మునిరాజు ఈ ఇంటికి బియ్యం పంపించాడు. ఆ తరువాత ప్రతి కోత పండగకూ ప్రార్థన గుడిలో మైకు ముందు నిలబడి సాక్ష్యం చెబుతూ వచ్చాడు: సుబ్బయ్య ఇంట్లో పురుగు చచ్చిపోయిన సంవత్సరం దేవుడు తనను ఎలా ప్రేరేపించాడో, తాను ఎలా ఆకూ బియ్యం మోసుకుని పోయాడో. సాయం చేసినవాడి పేరు మైకులో వినపడుతుంది. తీసుకున్నవాడి పేరు ఇంకా గట్టిగా వినపడుతుంది. లిడియా వెనక వరసలో పైట తల మీదికి లాక్కుని కూర్చునేది. అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. ఆమె కూడా కొట్టేది. కొట్టకపోతే తిరిగి చూస్తారు.

అప్పటి నుంచి షెడ్లోకి ఇంకెవరినీ రానివ్వలేదు. సుబ్బయ్య కూడా ఆకు తెచ్చి గుమ్మం దగ్గర వేసేవాడు. లోపలికి పోయే ముందు మూడుసార్లు చేతులు కడుగుతుంది, బ్లీచింగు నీళ్లలో. రోజుకు ఐదు మేతలు, మేతకు మూడుసార్లు. తొమ్మిదేళ్లలో వేళ్ల మీది గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపు మిషన్ ఆమె బొటనవేలిని గుర్తు పట్టదు. డీలరు నవ్వుతూ, “నువ్వు ఉండావో లేవో సర్కారుకు తెలీదు మేయ్,” అంటాడు.

తొమ్మిది కావస్తుండగా సందులో ట్రాక్టరు చప్పుడైంది.

పక్కింటి తులసమ్మ ముందుగా వచ్చింది, కొడవలి భుజాన వేసుకుని. కొమ్మలు నరకడానికి కూలికి వచ్చే మనిషి. నరకడానికి ఏమీ లేకపోయినా అలవాటుగా వచ్చింది. “లిడియా, మీ దేవునోళ్లు వస్తాండారు. ట్రాక్టరు నిండా పచ్చగా ఉండాది,” అంది. మళ్లీ గొంతు తగ్గించి, “వద్దనేవు. ముందే సెప్తాండాను.”

ట్రాలీ నిండా మల్బరీ కొమ్మలు. ఇంకా మంచు తడి ఆరలేదు. వాసనకే షెడ్లో పురుగులు ఇంకా ఎత్తుకు లేచి ఉంటాయని లిడియాకు అనిపించింది. ట్రాలీ వెనక పాస్టరు ప్రదీప్, సంఘంలోని ఏడెనిమిది మంది, ముందు మునిరాజు. తెల్ల చొక్కా, తడిపి దువ్విన నెరిసిన జుట్టు. ఆయన పక్కన భార్య విజయమ్మ, చేతిలో టిఫిన్ క్యారియరు.

“వందనాలమ్మా,” అన్నాడు పాస్టరు. “నిన్న ఉపవాస ప్రార్థనలో మీ సంగతి ఎత్తుకున్నాం. మునిరాజన్న లేచి, ఆకు నాది, మోసేది మీరు అన్నాడు. అందరం పొద్దున్నే పోయి కోసుకొచ్చాం.”

లిడియా ట్రాలీ వైపు చూసింది. షెడ్డు వైపు చూసింది. వద్దని చెప్పడానికి నోరు తెరిచింది. లోపల తట్ట అంచు నుంచి ఒక పురుగు సున్నంలో పడిన చప్పుడు, గోరు రాలినంత చిన్న చప్పుడు, ఆమెకు వినపడింది. లేదా వినపడినట్టు అనిపించింది.

“దించండి,” అంది. “షెడ్లోకి కాదు. ఈడ గోనె మీద వెయ్యండి.”

కొమ్మలు దిగాయి. పాస్టరు చేతులు జోడించబోయాడు. అందరూ తలలు వంచబోయారు.

“ఒక్క మాట పాస్టరయ్యా,” అంది లిడియా. “ప్రార్థన తర్వాత చేద్దురు. ముందు నేను చూసుకోవల్ల.”

“ఏం చూసుకోవాల?” అన్నాడు మునిరాజు.

“ఇరవై పురుగులకేసి చూస్తా. గంటన్నర.”

తులసమ్మ కొడవలిని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

“నా ఆకు మీద అనుమానమా నీకు?” మునిరాజు నవ్వాడు కానీ నవ్వు మీసం దాకా రాలేదు. “ముప్పై ఏండ్ల నుంచి ఈ సంఘానికి పెద్దను. ఊరోళ్లు దుడ్లిచ్చి కొనుక్కోని పోతాండారు నా ఆకు. ఊరికే తెచ్చిస్తే పరీచ్చలా?”

“కొన్నోళ్లు కూడా పరీచ్చ చేసే ఏసుకుంటారు కదన్నా.”

“వాళ్లు మన సంఘం కాదు, అన్యులు.”

“పురుగుకు ఆ తేడా తెలీదన్నా.”

తులసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరు ఇద్దరి మధ్యా నిలబడి, “అమ్మా, పురుగులు ఆకలితో ఉన్నాయి కదా. గంటన్నర అంటే ఇంకో మేత పోయినట్టే. అన్న ప్రేమతో తెచ్చాడు. కొంచెం విశ్వాసం ఉంచి…” అన్నాడు. వయసు చిన్నది. మంచివాడు. మంచివాళ్లు చెప్పే మాటకు జవాబు చెప్పడం మరీ కష్టం.

“పోయినసారి విశ్వాసముంచినాను పాస్టరయ్యా,” అంది లిడియా.

ఆమె బకెట్ దగ్గర కూర్చుని మూడుసార్లు చేతులు కడుక్కుంది. షెడ్లోకి పోయి ఇరవై పురుగులను ఎంచి ఒక చిన్న తట్టలో వేసుకుని వచ్చింది. గోనె మీది కొమ్మల్లో అడుగు నుంచి కొన్ని, మధ్య నుంచి కొన్ని, పైనుంచి కొన్ని ఆకులు తీసింది. తట్టలో పరిచింది. పురుగులు ఆకు మీదికి ఎగబాకి, అంచు పట్టుకుని, పైనుంచి కిందికి కోసుకుంటూ తినడం మొదలుపెట్టాయి.

అప్పుడు తొమ్మిదీ పది. ఆమె గోడ గడియారం తెచ్చి అరుగు మీద పెట్టింది.

కొందరు వెళ్లిపోయారు, మధ్యాహ్నం వస్తామని. కొందరు వేపచెట్టు కింద కూర్చున్నారు. మునిరాజు కూర్చోలేదు. సందు మొదటి దాకా పోవడం, తిరిగి రావడం. పాస్టరు బైబిలు ఒళ్లో పెట్టుకుని తెరవకుండా కూర్చున్నాడు. అరుగు మీద తట్టకు ఒక పక్క లిడియా, ఇంకో పక్క విజయమ్మ.

ఫోన్ మోగింది. సుబ్బయ్య.

“ఆకు దొరికిందా?”

“దొరికింది. చూస్తాండా.”

“ఎవురిది?”

లిడియా చెప్పింది. అవతల కాసేపు ఆస్పత్రి చప్పుళ్లు, ఎవరో నర్సు ఎవరినో పిలవడం. “యెయ్యి మేయ్,” అన్నాడు సుబ్బయ్య. “ఇంకేం చూసేది. చేతులు బాగా కడుక్కోని యెయ్యి.”

చేతులు బాగా కడుక్కోని. ఆమె ఫోన్ పెట్టేసింది.

పావుగంట. తట్టలో పురుగులు తింటున్నాయి. అరగంట. షెడ్డు లోపలి నుంచి పాకే చప్పుడు, ఎండిన ఈనెలు కదిలే చప్పుడు. లిడియాకు లేచి మొత్తం ఆకు ఎత్తుకుపోయి పరిచెయ్యాలని అరచేతులు దురద పెట్టాయి. రెండో మేత తప్పుతోంది. ఇప్పుడు వేస్తే గూడు నిలుస్తుంది. ఇప్పుడు వేస్తే, ఆకులో ఏదైనా ఉంటే, రేపు ఈపాటికి గుంట తవ్వాలి. ఆమె కాళ్లు ముడుచుకుని మోకాళ్ల మీద చేతులు బిగించి కూర్చుంది.

విజయమ్మ తట్టలోకి వంగి చూసింది. వెనక్కి కూర్చుంది. చెమట తుడుచుకుంది. మళ్లీ వంగింది.

“తిను లిడియా, ఇడ్లీ చల్లారిపోతాది,” అంటూ క్యారియరు మూత తీసింది. తీసి, వడ్డించడం మరిచిపోయి, మళ్లీ తట్టలోకి చూసింది. ఒక పురుగు తినడం ఆపి తల ఎత్తింది. విజయమ్మ చేతిలో మూత ఠంగున అరుగు మీద పడింది. ఆ పురుగు పక్క ఆకుకు మారి మళ్లీ తినసాగింది.

లిడియా పురుగును చూడడం మానేసి విజయమ్మను చూడడం మొదలుపెట్టింది. పంట పొయ్యేది తనది. తను ఐదు నిమిషాలకు ఒకసారి చూస్తోంది. ఈమె నిమిషానికి ఒకసారి చూస్తోంది. కడిగినంత శుభ్రమైన ఆకు ఇచ్చిన మనిషి ఇన్నిసార్లు చూడదు. ఇది పురుగు కక్కడం ఎక్కడో ఒకసారి చూసిన మనిషి చూపు.

“అక్కా,” అంది మెల్లగా. “యాల అన్నిసార్లు చూస్తావు?”

“ఊరికే.”

“ఆకులో ఏమన్నా ఉండాదా?”

“లేదు లేదు. ఆ దేవుని తోడు, లేదు. టమాటా మాని రెండేండ్లాయ ఆ పక్క. మందే కొట్టలా.”

“మరి?”

విజయమ్మ ఇడ్లీ ఒకటి చేతిలోకి తీసుకుంది. తినలేదు. చేతిలో అది పిండి పిండి అయింది. మునిరాజు సందు చివర ఉన్నాడు, వీపు ఇటు.

“మా పురుగు గూడు కట్టలేదు లిడియా,” అంది. “అప్పుడు.”

లిడియాకు వెంటనే అర్థం కాలేదు.

“ఆ మంగళారం మా పురుగు కూడా కక్కింది. మీకంటే ముందే. పెరట్లో గుంట తీసి నేనే పూడ్సినాను. పైన సొరపాదు పెట్టినాను. ఎవురికీ సెప్పలేదు.”

“అన్న బంగారం మాదిరి గూడు కట్టిందన్యాడే.”

“అన్యాడు.” విజయమ్మ గొంతు గోడలోకి మాట్లాడినట్టు ఉంది. “ఆదివారం టమాటాకు మందు కొట్టినాడు. కాయకు ఊజీ ఈగ వచ్చేసింది, రేటు బాగుండాది, సోమారం దాకా ఆగితే కాయ పోతుందని. అందరూ గుడికి పోయినప్పుడు కొట్టినాడు, ఎవురూ చూడకుండా. మదనపల్లెలో మీటింగుండాదని సెప్పి గుడి ఎగ్గొట్టినాడు. అంతకు ముందు నెలే ఆదివారం నాట్లేసినారని ఇద్దరిని లేపి గుడిలో నిలబెట్టింది ఈయనే. గాలి మల్బరీ మీదికి తిరిగింది మాకు తెలీదు లిడియా. తెలిసి ఇయ్యలా. సోమారం ఇచ్చినంక, మంగళారం మా పురుగు పడినంక తెలిసింది. అప్పుడు సెప్తే ఆదివారం సంగతి సెప్పల్ల. సెప్పలేకపాయ.”

లిడియా తన చేతులు చూసుకుంది. తెల్లగా, పొట్టు లేచి, గీతలు లేని వేళ్లు. తొమ్మిదేళ్లు, రోజుకు ఐదు మేతలు, మేతకు మూడుసార్లు. అత్త చివరి నెలలో మంచం పట్టినప్పుడు గంజి తాగిస్తుంటే కూడా గ్లాసు పట్టిన ఈ వేళ్ల వైపే చూసి మొహం తిప్పుకుంది.

“ప్రతి కోత పండక్కూ సాక్ష్యం చెప్పినాడు గదక్కా,” అంది.

“నేను ముందు వరసలో కూర్చునేదాన్ని,” అంది విజయమ్మ. “నువ్వు యెనక. నీ వైపు ఒక్కసారన్నా తిరిగి చూసినానా, గుర్తు చేసుకో.”

మునిరాజు తిరిగి వచ్చాడు. భార్య మొహం చూశాడు, లిడియా మొహం చూశాడు. ఏం జరిగిందో అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేకపోయింది. అతను అరుగు మీద కూర్చున్నాడు, తెల్ల చొక్కా సున్నం గోడకు ఆనించి. మనిషి ఒక్కసారిగా పొట్టిగా కనిపించాడు.

“సెప్పేసినావా,” అన్నాడు విజయమ్మతో.

“నువ్వు సెప్పవు కదా.”

పాస్టరు లేచి వచ్చాడు. విజయమ్మే అంతా మళ్లీ చెప్పింది, ఈసారి గొంతు తగ్గించకుండా. వేపచెట్టు కింది వాళ్లు కూడా విన్నారు. తులసమ్మ మాత్రం, ఏళ్ల తరబడి ఈ వాకిట్లో అందరి మీదా జోకులు వేసిన మనిషి, కొడవలి కింద పెట్టింది.

మునిరాజు లిడియా వైపు చూడకుండా, నేలతో మాట్లాడుతున్నట్టు అన్నాడు: “ఆ బియ్యం అందుకే పంపించినానమ్మా. ప్రతి సమ్మచ్చరమూ సాక్ష్యానికి లేసినప్పుడు ఈసారి సెప్పేద్దాం అనుకుంటా. మైకు చేతికొస్తే వేరే మాట వచ్చేది.”

“వచ్చేదా, తెచ్చుకుంటాంటివా?” అంది లిడియా.

అతను చొక్కాకు అంటిన సున్నం దులుపుకున్నాడు.

పాస్టరు కళ్లలో నీళ్లు తిరిగాయి. “దేవుడు ఈ దినం గొప్ప కార్యం చేశాడు,” అన్నాడు. “అమ్మా, అన్నా, ఇక్కడే మోకరిద్దాం. ఒకరినొకరు క్షమించుకుని, ఇక్కడే, ఇప్పుడే…”

కొందరు అప్పటికే మోకాళ్లు వంచారు. అందరూ లిడియా వైపు చూశారు. మళ్లీ అదే. బండి చుట్టూ నిలబడి కళ్లు మూసుకున్న జనం, అందరి ముందూ ఒక్క మాట అనాల్సిన ఆడమనిషి. అనకపోతే ఆమె మనసు రాయి. అంటే తొమ్మిదేళ్లు ఒక ఆమెన్‌తో సర్దుకుపోయినట్టు. వచ్చే కోత పండక్కి ఇది కూడా మైకులోకి ఎక్కుతుంది.

ఆమె గడియారం చూసింది. పది నలభై. తట్టలోకి వంగింది. ఇరవై పురుగులు. ఆకుల్లో ఈనెలు మాత్రం మిగిలాయి. పురుగులు తలలెత్తి, ఇంకా కావాలని, తట్ట అంచు వైపు పాకుతున్నాయి. కక్కినవి లేవు. వంకర తిరిగినవి లేవు. ఒక్కొక్కదాన్నీ వేలితో తాకి చూసింది. అన్నీ గట్టిగా, చల్లగా ఉన్నాయి.

“పాస్టరయ్యా,” అంది, “పురుగు ఆకలి మీద ఉండాది. మోకాళ్లేసేది తర్వాత.”

“క్షమాపణ అంటే…”

“దాని సంగతి నాకు తెలీదు. ఈ పొద్దు వస్తుందో, మా షైనీ పెండ్లినాటికి వస్తుందో. వచ్చినప్పుడు చెప్పి పంపిస్తా. ఆకు మాత్రం ఇప్పుడు పడకపోతే రేపటికి పనికి రాదు.” ఆమె లేచింది. బ్లీచింగు బకెట్ తెచ్చి షెడ్డు గుమ్మంలో పెట్టింది, కాళ్లు తడుపుకోవడానికి ఇంకో తొట్టి పెట్టింది. “నా ఒక్కదాని చేత కాదు. అన్ని తట్టలకూ అరగంటలో పడల్ల. లోపలికొచ్చేవాళ్లు చేతులు కడుక్కోని రండి. పూలు తీసెయ్యండి. పౌడరు పూసుకున్నోళ్లు బయటే ఉండి కొమ్మలు అందియ్యండి.”

ఎవరూ కదల్లేదు. ఆ షెడ్డు గడప దాటిన వాళ్లు అక్కడ ఎవరూ లేరు. మొదట తులసమ్మ చేతులు ముంచింది. “పదేండ్లాయ ఈ షెడ్లో ఏం దాచిందో చూడల్లని,” అంటూ లోపలికి దూరింది. తరువాత పాస్టరు ప్యాంటు మడుచుకున్నాడు.

మునిరాజు అరుగు మీదే ఉన్నాడు. ఇంటికి పోవడానికి లేచి నిలబడ్డాడు, నిలబడి పోలేకపోయాడు.

“నీ ఆకు నువ్వే మొయ్యన్నా,” అంది లిడియా. “ఊరికే ఇచ్చి పోతే కుదరదు.”

అతను తెల్ల చొక్కా చేతులు మడిచాడు. బకెట్లో చేతులు ముంచాడు. “ఎన్నిసార్లు కడగల్ల?” అని అడిగాడు. ఆమె తన వేళ్ల వైపు చూసుకుంది.

“ఒకసారి చాలు,” అంది. “ఒకసారే చాలు ఎవురికైనా.”

అతను కొమ్మల మోపు నెత్తినెత్తుకుని తలవంచి లోపలికి పోయాడు. విజయమ్మ కూడా చేతులు కడగబోతుంటే లిడియా ఆపింది. ఫోన్ తీసి, సుబ్బయ్యకు కలిపి, ఆమె చేతిలో పెట్టింది.

“నాకు సెప్పినావు. ఆయనకూ నువ్వే సెప్పు.”

“నువ్వు సెప్పకూడదా?”

“నేను తొమ్మిదేండ్లు సెప్పినానక్కా. నా మాట నమ్మలేదు.”

లోపల మునిరాజు కొమ్మలు దట్టంగా పరుస్తున్నాడు, త్వరగా అయిపోవాలన్నట్టు. “పల్చగా వెయ్యి,” అంది లిడియా. “గాలాడల్ల.” అతను తీసి పల్చగా వేశాడు. పురుగులు ఆకుల మీదికి ఎక్కాయి. ఒక తట్ట, రెండో తట్ట, పక్క వరస. ఎత్తిన తలలు ఒక్కొక్కటే వంగి ఆకు అంచు పట్టుకున్నాయి. పాస్టరుకు ఏం చెయ్యాలో తెలియక ఒక పురుగును రెండు వేళ్లతో భయంభయంగా ఎత్తి తట్టలో వేశాడు. తులసమ్మ నవ్వింది.

గుమ్మం బయట విజయమ్మ గొంతు: “సుబ్బయ్యా, నేనప్పా, విజయమ్మను. ఒక మాట సెప్పల్ల, ఫోన్ పెట్టొద్దు.” తరువాత గొంతు తగ్గింది, మాటలు వినపడలేదు. లిడియా చేతులు ఆగలేదు. ఆరో తట్ట వేసేటప్పుడు విజయమ్మ ఫోన్ లోపలికి అందించింది.

లిడియా భుజంతో చెవికి నొక్కుకుంది. అవతల ఊపిరి వినపడింది.

“మేయ్,” అన్నాడు సుబ్బయ్య.

“ఊఁ.”

“ఏడుస్తాండావా?”

“ల్యా. బ్లీచింగు కండ్లలో పడింది.”

“మాయమ్మ ఉండింటే…” అన్నాడు.

“ఉండింటే ఆకు పరిసేది,” అంది లిడియా. “నీతో మాట్లాడేది శానా ఉండాది, లేసి ఇంటికి రా. ఇప్పుడు పెట్టు. ఇంకా నాలుగు తట్టలుండాయి.”